చేరడం, కనబడటం: యాంగూన్ బజారులో నిలువు వీడియో

యాంగూన్ నగరంలో లిఫ్టు లేని పాత మేడలు చాలా ఉన్నాయి. వాటి ముందు నిలబడి తల పైకెత్తితే ఒక్కో అంతస్తు నుంచి ఒక్కో తాడు వీధిలోకి వేలాడుతూ కనిపిస్తుంది. తాడు చివర ఒక సంచీయో, కాగితాలు పట్టి ఉంచే క్లిప్పో ఉంటుంది. కొన్నింటికి పైకొసన చిన్న గంట కట్టి ఉంటుంది. పత్రిక వేసే కుర్రవాడు కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది. కూరగాయలమ్మి కేక వినబడగానే పై అంతస్తు ఇల్లాలు సంచీలో డబ్బు వేసి దింపుతుంది, సరుకు అందులో పడ్డాక పైకి చేదుకుంటుంది. అమ్మేవారి కేక వీధి వీధంతటికీ వినబడుతుంది. తాడు మాత్రం ఒక ఇంటికే చేరుతుంది.

వినబడటం వేరు, చేరడం వేరు. ఈ తేడాను నేటి వ్యాపార ప్రచార పరిభాష దాదాపుగా చెరిపేసింది. అరచేతి ఫోనులో నిలువుగా ఆడే చిన్న వీడియో ఎంతమంది తెరల మీద పడిందో ఆ సంఖ్యకు ‘రీచ్’ అని పేరు. రీచ్ పెరిగితే వ్యాపారం పెరుగుతుందన్నది ఈ కాలపు నమ్మకం. హైదరాబాదులో టిఫిను బండికీ, న్యూజెర్సీలో ఇంటి నుంచి పచ్చళ్ళు అమ్మేవారికీ అందుతున్న సలహా ఒక్కటే. రోజుకొక రీల్ పెట్టండి, మొదటి మూడు సెకన్లలో చూపును పట్టుకోండి, జనం నోళ్ళలో ఉన్న పాట జోడించండి, మీ ముఖం చూపించండి. ఏ దేశమైనా, ఏ బజారైనా ఈ సలహా ఇలాగే చెల్లుతుందా అన్నది పరీక్షించవలసిన విషయం. ఆ పరీక్షకు యాంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ తగిన చోటు.

రంగం బజారు

మింగళ తౌంగ్‌న్యున్ యాంగూన్ నడిబొడ్డుకు కాస్త తూర్పుగా ఉన్న టౌన్‌షిప్. కాండోజీ సరస్సు దాని అంచున ఉంది, తూర్పున పజుందాంగ్ కాలువ పారుతుంది. మింగళా జే అనే పెద్ద బజారు, యుజనా ప్లాజా అనే వాణిజ్య సముదాయం ఇక్కడివే. బట్టలు, సౌందర్య సాధనాలు, మందులు టోకున కొనడానికి చిల్లర వర్తకులు వచ్చే చోట్లు ఇవి. చుట్టుపక్కల వీధులలో భారతీయ మూలాలున్న కుటుంబాలు తరాలుగా కాపురముంటున్నాయి.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వారికి ఈ నగరం పరాయిది కాదు. వారి నోట దీని పేరు రంగం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారికి ‘కోరింగీలు’ అన్న పేరు వచ్చింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు. రేవులో బస్తాలు మోసినవారిలో, వరి మిల్లులలో చెమటోడ్చినవారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది కాలినడకన కొండలు దాటారు. 1964లో దుకాణాలు జాతీయం కాగా మరెందరో ఓడలెక్కి తిరిగివచ్చారు. మిగిలిన కుటుంబాల మూడవ, నాలుగవ తరాలు నేడు బర్మీయంలో బేరమాడుతున్నాయి. 1965లో ప్రైవేటు బడులు కూడా జాతీయమయ్యాక తెలుగు లిపి ఇంటి గడప లోపలే నిలవవలసి వచ్చింది.

ఆ కుటుంబాలు తెచ్చిన తిండి మాత్రం గడప దాటింది. దక్షిణాది దోసె అక్కడ ‘తోషే’ పేరుతో వీధి పక్క పెనాల మీద కాలుతుంది. సమోసాను ముక్కలు చేసి, కూరాకులు కలిపి, పుల్లగా తినడం నగరపు అలవాటైంది. ఇటువంటి దుకాణాలకు నిలువు వీడియో మేలు చేయగలదు. లిపి రానివారికీ అది అడ్డు చెప్పదు. మాట, చేయి, పెనం మీద పిండి తిరిగే చప్పుడు చాలు. పత్రికలో ప్రకటన కొనలేని దుకాణానికి ఫోను ఉంటే చాలన్నది నిజంగానే పెద్ద మార్పు. రూపాన్ని విమర్శించే ముందు దాని గుణాన్ని ఒప్పుకోవడం న్యాయం.

నాలుగు అంగాలు

ఈ రూపానికి వయసు తక్కువ. 6 సెకన్ల వైన్ వీడియోలు 2013లో వచ్చాయి. చైనాలో దోయిన్ 2016లో మొదలైంది, దాని విదేశీ రూపమైన టిక్‌టాక్ 2018లో మ్యూజికల్లీని తనలో కలుపుకుని ప్రపంచమంతా పాకింది. 9:16 నిష్పత్తిలో నిలువుగా ఉండే ఈ చట్రం చేతిలో ఫోను పట్టుకునే తీరు నుంచే పుట్టింది.

దీని నిర్మాణంలో నాలుగు అంగాలు గుర్తించవచ్చు. మొదటిది ఎత్తుగడ. చూసేవారి బొటనవేలు తెరను పైకి నెట్టకముందే చూపును కట్టేయాలి. రెండవది చక్రం. వీడియో అయిపోయిన వెంటనే మళ్ళీ మొదటికి వస్తుంది. ముగింపును ఆరంభంలో కలిపివేస్తే చూసేవారికి ఎప్పుడు పూర్తయిందో తెలియదు, చూసిన సమయం మాత్రం పెరుగుతుంది. మూడవది అరువు పాట. అప్పటికే జనంలో తిరుగుతున్న ధ్వనిని పెట్టుకుంటే దాని వెంట వీడియో కూడా తిరుగుతుంది. నాలుగవది ముఖం. సరుకు కంటే మనిషి ముఖం దగ్గర చూపు ఎక్కువసేపు ఆగుతుందన్నది ప్రచారకుల అనుభవం.

ఈ నాలుగింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఎవరు చూస్తున్నారన్నది వీటికి అనవసరం. పాత ఫేస్‌బుక్ పేజీకి కనీసం ‘మనవాళ్ళు’ అనే జాబితా ఉండేది. టిక్‌టాక్ ప్రధానంగా పరిచయాల మీద ఆధారపడదు. ఎక్కువసేపు చూస్తారని యంత్రం అంచనా వేసిన ఎవరి ముందైనా వీడియోను పెడుతుంది. దుకాణదారుడు తన వీధికి చెప్పాననుకుంటాడు. యంత్రం ఆ మాటను తనకు నచ్చిన ఊరికి మోసుకుపోతుంది.

తెలుగు ప్రాంతంలో నిలువు బొమ్మ కొత్త కాదు. చేర్యాల నకాశీ పటం పై నుంచి కిందకు గడి తరువాత గడిగా విప్పుకుంటుంది. కానీ పటం విప్పే కథకుడికి తన శ్రోతలెవరో ముందే తెలుసు. మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పద్మశాలీల దగ్గరకు వెళ్ళేవారు. గౌడులకు గౌడ జెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఉండేవారు. ఆ ఏర్పాటులో కుల వ్యవస్థ గీసిన గిరులు ఉన్నాయి, దాన్ని ఆదర్శంగా చూపనవసరం లేదు. అయితే పటం పొడవును, బొమ్మల క్రమాన్ని, ఏ కథ చెప్పాలన్నదాన్ని నిర్ణయించింది ఆ శ్రోతలే. నిలువు వీడియో రూపాన్ని నిర్ణయించేది చూసే సమయపు కొలత. ఈ రెంటికీ మౌలికమైన తేడా ఇదే.

కొలత మారితే

కొలత గురించి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 2016లో ఫేస్‌బుక్ ఒక పొరపాటు ఒప్పుకుంది. 3 సెకన్లకంటే తక్కువ చూసినవారిని లెక్కలోంచి తీసేయడం వల్ల సగటున వీడియో చూసిన సమయం రెండేళ్ళపాటు ఎక్కువగా కనబడింది. ఆ లెక్కను నమ్మి ప్రకటనలకు డబ్బు పెట్టినవారికి ఆ రెండేళ్ళూ తిరిగి రాలేదు. రెండవది, 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో ‘వ్యూ’ అర్థమే మారింది. అంతకుముందు కొంతసేపు చూస్తేనే లెక్కలోకి వచ్చేది. ఇప్పుడు వీడియో ఆడటం మొదలైనా, మళ్ళీ తిరిగినా ఒక వ్యూ. ఆ మరునాడు చాలామంది అంకెలు పెరిగాయి, చూసిన మనుషులు మాత్రం అంతే.

ప్రయోగశాల పరీక్ష విధానం మార్చి, సాధారణ పరిమితులు చెప్పకుండా ఫలితం పంపితే ఏ వైద్యుడూ ఆ కాగితాన్ని నమ్మి మందు రాయడు. రీచ్ విషయంలో మాత్రం పరీక్ష చేసేదీ, పరీక్ష అర్థం మార్చేదీ, ఫలితం బాగుందని అభినందించేదీ, ఇంకా బాగుండాలంటే డబ్బు కట్టమనేదీ ఒకే సంస్థ. ఆ అంకెను దుకాణపు ఆరోగ్యానికి గుర్తుగా తీసుకోవడం రోగిని చూడకుండా జ్వరమానిని చూసి వైద్యం చేయడం వంటిది.

అంకె నిజమై, మనుషులు నిజంగానే వస్తే ఏమవుతుందన్నదానికి హైదరాబాదులో ఒక ఉదాహరణ ఉంది. మాదాపూర్‌లో ఐటీసీ కోహినూర్ దగ్గర రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ పేరు రీల్స్ ద్వారా తెలుగువారున్న ప్రతి దేశానికీ చేరింది. ఆమె బిల్లు చెప్పిన ఒక్క మాటను వేలమంది తమ వీడియోలకు అతికించుకున్నారు. జనం పెరిగారు, కెమెరాలు పెరిగాయి, రోడ్డు మూసుకుపోయింది. 2024 జనవరి చివర ట్రాఫిక్ పోలీసులు ఆ బండిని ఆపించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకున్నాక అది తిరిగి నడిచింది. ఏళ్ళ తరబడి ఆఫీసుల వారికి మధ్యాహ్నం అన్నం పెట్టిన బండికి అంతకుముందు ముఖ్యమంత్రి అవసరం రాలేదు. రీచ్ తెచ్చిన చిక్కును విప్పడానికి మళ్ళీ రీచే పనికివచ్చింది. ఆమె పేరు అంత మోగకపోయి ఉంటే ఆ ఆదేశం వచ్చేదా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఇదే చిక్కు మింగళ తౌంగ్‌న్యున్‌లోని ఒక తోషే బండికి వస్తే దాన్ని విప్పేవారు ఎవరు?

రెండు గోడల మధ్య

2014 వరకు మయన్మార్‌లో సిమ్ కార్డు సామాన్యులకు అందని వస్తువు. ఆ ఏడాది టెలినార్, ఊరిడూ సంస్థలు ప్రవేశించాక దాని ధర 1,500 చాట్‌లకు దిగింది. కోట్ల మంది నేరుగా ఫోను మీదనే అంతర్జాలంలోకి అడుగుపెట్టారు, వారికి ఫేస్‌బుక్ అంటేనే అంతర్జాలం. దుకాణాలు, ఆసుపత్రులు, పత్రికలు, అన్నీ అక్కడే తెరుచుకున్నాయి. ద్వేషమూ అక్కడే పెరిగింది. రోహింగ్యాల మీద జరిగిన హింసలో ఫేస్‌బుక్ పాత్రను 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం ఎత్తిచూపింది. తమ వేదిక దుర్వినియోగాన్ని ఆపడానికి తగినంత చేయలేదని ఆ సంస్థే అదే ఏడాది ఒప్పుకుంది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఆ వారంలోనే ఫేస్‌బుక్‌ను, మరునాడు ఇన్‌స్టాగ్రామ్‌ను, ట్విటర్‌ను మూసివేయమని ఆదేశాలు వచ్చాయి. టిక్‌టాక్ మిగిలింది. మూసిన వేదికలను వీపీఎన్ ద్వారా చూసేవారు ఎందరో ఉన్నారు. కానీ 2025 జనవరి 1న వచ్చిన సైబర్ భద్రతా చట్టం అనుమతి లేని వీపీఎన్ సేవను నేరం చేసింది. ఇటు భారత ప్రభుత్వం 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. ఆ ఖాళీలోకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ భారతదేశంలో దిగాయి.

ఈ రెండు నిషేధాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రంగం తెలుగు దుకాణం పరిస్థితి అర్థమవుతుంది. యాంగూన్‌లో స్వేచ్ఛగా తెరుచుకునే టిక్‌టాక్ విశాఖపట్నంలో తెరుచుకోదు. విశాఖపట్నంలో అందరూ చూసే ఇన్‌స్టాగ్రామ్ యాంగూన్‌లో అడ్డదారిన తప్ప తెరుచుకోదు. సముద్రానికి రెండు ఒడ్డుల మీద ఉన్న బంధువుల మధ్య ఇద్దరు ప్రభువులు వేరువేరు కారణాలతో వేరువేరు గోడలు కట్టారు. 2020లో క్రికెటర్ డేవిడ్ వార్నర్ ‘బుట్టబొమ్మ’ పాటకు వేసిన చిందులు టిక్‌టాక్ మీదనే తెలుగువారందరినీ అలరించాయి. రెండు నెలలు తిరగకముందే ఆ వేదిక భారతీయులకు లేకుండా పోయింది. వార్నర్‌కు దానితో వచ్చిన నష్టమేమీ లేదు. వేదిక మీదనే ఖాతాదారులను కూడగట్టుకున్న చిన్న వ్యాపారులకు మాత్రం ఒక్క రాత్రిలో చిరునామాల పుస్తకం మాయమైంది. 2025 జనవరిలో ఒక రాత్రి టిక్‌టాక్ అమెరికాలో చీకటి పడినప్పుడు అక్కడి చిన్న వ్యాపారులు అదే భయాన్ని చవిచూశారు.

రెండు గోడలూ లేని చోట ఉన్నవారు విదేశాల తెలుగువారు. చికాగోలోనో సింగపూర్‌లోనో స్థిరపడిన ఉద్యోగి రంగంలో తెలుగువారి దోసె వీడియో చూసి మురిసిపోతాడు, లైకు కొడతాడు, కుటుంబ వాట్సాప్ గుంపులో పంచుతాడు. ఆ మురిపెం నిజమైనదే. కానీ అతడు ఆ దోసె కొనడు. రీచ్ లెక్కలో అతడి చూపుకు, పక్క వీధిలో ఆకలితో ఉన్న విద్యార్థి చూపుకు విలువ సమానం. దుకాణం లెక్కలో మొదటిది సున్న.

లైకు సాక్ష్యమైనప్పుడు

ఇంతవరకు చెప్పినది వృథా ప్రయాస గురించి. మింగళ తౌంగ్‌న్యున్‌లో అంతకంటే బరువైన విషయం ఉంది. ప్రచార శాస్త్రం ‘ఎంగేజ్‌మెంట్’ అని పిలిచే లైకు, షేరు, వ్యాఖ్య అక్కడ సాక్ష్యాలు కూడా. సైన్యాన్ని ఎదిరించే సంస్థల పోస్టులకు లైకు కొట్టినా, షేరు చేసినా జైలుశిక్ష పడుతుందని 2022 సెప్టెంబరులో సైనిక ప్రభుత్వం ప్రకటించింది. 2021 మార్చిలో సైనికులు, పోలీసులు నిరసనకారులను బెదిరిస్తూ టిక్‌టాక్‌లో పెట్టిన 800కు పైగా వీడియోలను అక్కడి ఒక డిజిటల్ హక్కుల సంస్థ గుర్తించింది. దోసె వీడియో, తుపాకీ చూపి బెదిరించే వీడియో ఒకే చట్రంలో, ఒకే పరిమాణంలో, ఒకదాని వెనుక ఒకటిగా వచ్చిన రోజులవి. టిక్‌టాక్ అటువంటివాటిని తొలగించినా, రూపానికి స్వతహాగా ఏ విచక్షణా లేదని అప్పుడే తేలిపోయింది.

అటువంటి చోట ‘మీ ముఖం చూపించండి’ అన్న సలహాను ఎలా తీసుకోవాలి? 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టం అమలులోకి తెచ్చినట్టు ప్రకటించారు. ఆ వయసు యువకుడు పెనం ముందు నిలబడి నవ్వే వీడియో అతడు ఎక్కడ, ఏ వేళకు దొరుకుతాడో చెప్పే పత్రం కూడా. దుకాణంలో తింటున్నవారి ముఖాలు కూడా చట్రంలో పడతాయి. వారిని ఎవరూ అడగలేదు. కింద ఎవరో ఒక వ్యాఖ్య రాస్తే, దానికి జవాబుదారీ ఎవరన్నది దుకాణదారుడి చేతిలో లేదు.

భారతీయ మూలాలున్న వ్యాపారికి ఈ భయానికి పాత వేళ్ళున్నాయి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మీయులను తెచ్చారు. సమ్మె ముగిశాక వారిని పొమ్మన్నారు. మే 26న మొదలైన అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి, చనిపోయినవారిలో ఎక్కువమంది తెలుగువారే. ఓడల కంపెనీల లెక్కలో రెండు పక్కలవారూ చవక కూలీలే. వీధిలో మాత్రం పరాయివాడుగా కనబడినవాడే దెబ్బ తిన్నాడు. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచి ఉన్న జాతులకే పూర్తి గుర్తింపు ఇచ్చి, తరువాత వచ్చినవారి సంతతిని మరో మెట్టు మీద నిలబెట్టింది. ఈ చరిత్ర తెలిసిన కుటుంబానికి తగుమాత్రంగా కనబడటం, అతిగా కనబడకపోవడం పిరికితనంగా తోచదు. అది మూడు తరాలు నేర్చుకున్న వ్యాపార నీతి. రీచ్ సలహా ఈ నీతిని పాత చాదస్తంగా కొట్టిపారేస్తుంది. ఆ సలహా రాసినవారు చూపు ఎప్పుడూ లాభమే తెస్తుందనుకునే దేశాలలో కూర్చుని రాశారు.

దీనికి ఒక సమాధానం వినిపించవచ్చు. ప్రమాదం ఉన్నా జనం టిక్‌టాక్ మీదనే ఉన్నారు, అక్కడ లేని దుకాణం లేనట్టే కదా అని. ఈ మాటలో నిజముంది. చాట్ విలువ పడిపోయి, గంటల తరబడి కరెంటు పోయే నగరంలో వ్యాపారికి ఉన్న దారులు కొద్ది. ఉన్న ఒక్క వాకిలి మూసుకోమని చెప్పే అధికారం దూరాన ఉన్న విమర్శకుడికి లేదు. విమర్శ చేయగలిగినది ఆ వాకిలిని ఎంత మేర తెరవాలో ఆలోచించడానికి తోడ్పడటం.

చేరే వీడియో

అలా ఆలోచిస్తే, అక్కడి దుకాణానికి మేలైన వీడియో ప్రచార పుస్తకాలు మెచ్చుకునే వీడియోకు దాదాపు తలకిందులుగా ఉంటుంది. అందులో ముఖం ఉండదు, చేతులు ఉంటాయి. దోసె తిప్పే చేయి, చీర మడత విప్పే చేయి, కారం కొలిచే చేయి. ఆ చేతులకు తోడుగా నిదానంగా పలికే బర్మీయం ఉంటుంది. ఇంట్లో ఇంకా నిలిచి ఉంటే ఒకటి రెండు తెలుగు మాటలూ ఉండవచ్చు. అరువు పాట ఉండదు. ఎందుకంటే ఆ పాట రేపు ఏ నిరసనకు గుర్తుగా మారుతుందో ఎవరూ చెప్పలేరు. ధర ఉంటుంది, ఏ సందు మలుపులో ఉందో, కరెంటు పోయిన పూట తెరిచి ఉంటుందో లేదో ఉంటుంది. చక్రంలా తిరగకుండా, చెప్పవలసింది చెప్పి ఆగిపోతుంది.

ఇటువంటి వీడియోను యంత్రం పెద్దగా మోయదు. వేల చూపులకు బదులు వందల చూపులు వస్తాయి. కానీ ఆ వందలో టౌన్‌షిప్పు వాళ్ళు ఎక్కువమంది ఉంటే, ధర తెలిసే వచ్చినవారైతే, దుకాణానికి కావలసింది అంతే. వచ్చినవారి ఫోను నంబరు వారు ఇష్టపడి ఇస్తే రాసుకోవడం అవసరం. వేదిక రేపు మూతపడినా ఆ పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. కుమారి ఆంటీ బండికి రీల్స్‌కు ముందున్న బలం కూడా అటువంటిదే, ఏ వేళకు ఎవరు వస్తారో తెలిసి ఉండటం.

విదేశాల తెలుగు వీక్షకులకు కూడా ఇందులో ఒక బాధ్యత ఉంది. రంగం వీధిలో తెలుగు వినబడిన ఆనందంలో ఆ వీడియోను పేరు, చోటు రాసి పదిమందికి పంచేముందు, ఆ చూపు ఎవరికి ఉపయోగమో ఒక్క క్షణం ఆగి ఆలోచించవచ్చు. తమవారిని చూసిన సంతోషాన్ని అల్గారిదమ్‌కు అప్పగించే బదులు, ఆ ఊరు వెళ్ళే బంధువు చేతికి దుకాణం గుర్తులు చెప్పి పంపితే ఆ వ్యాపారికి ఒక ఖాతాదారుడు దక్కుతాడు.

నెలకొకసారి దుకాణదారుడు తన పుస్తకం తెరిచి, కొత్తగా వచ్చినవారిలో వీడియో చూసి వచ్చినవారెందరు, మళ్ళీ వచ్చినవారెందరు అని గీతలు పెట్టుకుంటే చాలు. ఆ లెక్కకు యాప్ అక్కరలేదు, వీపీఎన్ అక్కరలేదు, దాని అర్థం మార్చే హక్కు ఏ కంపెనీకీ లేదు. పై అంతస్తు నుంచి దిగిన సంచీలో డబ్బు పెట్టి పంపిన ఇల్లాలు ఏ అంతస్తుదో, ఆమెకు పచ్చిమిరప ఎంత కావాలో కూరగాయలమ్మికి ఏ తెరా చెప్పలేదు. మింగళ తౌంగ్‌న్యున్ బజారులో నిలువు వీడియో ఆ తాడంత పని చేస్తే చాలు.